రెండు ఆశ్వయుజాలు

మొన్న బట్టల పెట్టె అడుగున పాత కాగితాలు సర్దుతుంటే ఒక పంచాంగం దొరికింది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టేశాయి, తెరవగానే ఎండుమిరప ఘాటు ముక్కుకి తగిలి రెండుసార్లు తుమ్మాను. పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "యూదుల ఇంట్లో పంచాంగం ఏంటమ్మా, ఎవరైనా వింటే నవ్వుతారు!" అంది. నవ్వనీ. ఆ పంచాంగం వల్ల మా పల్లెలో పదిహేను కుటుంబాలు ఒక ఏడాది ఏమేం పడ్డాయో దానికేం తెలుసు? పేజీలు తిప్పాను. ఆశ్వయుజ మాసం దగ్గర నాన్న సిరాతో చుట్టిన సున్నా ఇంకా అలాగే ఉంది.

మాది గుంటూరు దగ్గర, మిరప చేలూ పత్తి చేలూ చుట్టూ పరుచుకున్న ఊరు. ఊరి చివర మాదిగపల్లె మాది. అందులో మేం యూదులం. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు తమకి సరిగా వినపడలేదేమోనని రెండోసారి అడుగుతారు, నాకు అలవాటైపోయింది. మా తాతల నాటి నుంచీ అందరం చర్చికే వెళ్ళేవాళ్ళం. కానీ మనం ఇశ్రాయేలు బిడ్డలమనీ, ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడికి చేరామనీ, శనివారం విశ్రాంతి మరవొద్దనీ మా తాత పోయేముందు నాన్న చెయ్యి పట్టుకుని చెప్పాడట. నాన్న ఆ మాటని పట్టుకుని వదల్లేదు. ఆయన పల్లె బడిలో పంతులు, పట్టిన పట్టు వదిలే రకం కాదు. చర్చిలో పెద్దరికం చేసే మా పెదనాన్న మొహం మీదే, "అన్నా, మా దారి మాది" అని చెప్పి బయటికొచ్చేశాడు. ఆయన మాట నమ్మి తక్కిన కుటుంబాలూ వెనకే వచ్చాయి. "చూద్దాంరా, ఎన్నాళ్ళుంటావో! తిరిగి నా గడప తొక్కే రోజు రాకపోదు" అన్నాడు పెదనాన్న. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు గానీ ఎవరూ మరిచిపోయిందీ లేదు. ఏ చిన్న పొరపాటు జరిగినా నాన్న ముందు అటువైపు చూసేవాడు, అన్న చూశాడేమోనని.

సమాజమందిరం అని పెద్ద పేరు పెట్టుకున్నాం గానీ అది తాటాకు పాక. పేడతో అలికిన నేల, గోడ మీద నాన్న నీలిమందుతో వేసిన ఆరు కోణాల చుక్క. పొద్దుగూకేముందు అక్కడే మాకు బడి. బొంబాయి నుంచి ఎవరో పంపిన హీబ్రూ వాచకం ఒకటే ఒకటి ఉండేది, దాన్ని నాన్న తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆయన బోర్డు మీద ఆలెఫ్, బేత్ అని రాస్తే మేం పలకల మీద దిద్దేవాళ్ళం, కుడి నుంచి ఎడమకి. ఆ అలవాటులో మర్నాడు పెద్దబడిలో తెలుగు కూడా కుడి పక్క నుంచి మొదలుపెట్టి ఎన్ని మొట్టికాయలు తిన్నానో! నాన్న మాత్రం కొట్టేవాడు కాదు. తప్పు చేసినవాణ్ణి లేపి నిలబెట్టేవాడు. వాడు తనంతట తాను నోరు విప్పి ఒప్పుకునేదాకా అలా చూస్తూనే ఉండేవాడు. ఒప్పుకున్నాక, "సరే, పోయి కూర్చో" అనేవాడు. అంతే, ఇక ఆ సంగతి మళ్ళీ ఎత్తేవాడు కాదు. ఆ మూడు మాటలు వినపడేదాకా ప్రాణం కొట్టుకునేది, దెబ్బలే నయమనిపించేది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఏడో నెల వస్తోందంటే చాలు, నాన్న మాకు జీవగ్రంథం గురించి చెప్పేవాడు. ఏడో నెల మొదటి రోజున దేవుడు పుస్తకం తెరుస్తాడట, రాబోయే ఏడు ఎవరు బతకాలో ఎవరు పోవాలో రాస్తాడట, పదో రోజు సాయంత్రం మూసేస్తాడట. ఆ పదో రోజే ఉపవాసం, ప్రాయశ్చిత్త దినం. నా ఊహలో ఆ పుస్తకం అచ్చం బడిలో హాజరు పట్టీలా ఉండేది. దేవుడు ఎర్రసిరా కలం పట్టుకుని, నాన్న మొహం పెట్టుకుని పేర్లు పిలుస్తుంటాడు. పలకనివాళ్ళకి సున్నా. ఆ ఏడు నాకు ఆ పుస్తకం గురించి నిద్రపట్టనంత బెంగ పట్టుకుంది, ఎందుకంటే అమ్మకి నెలలు నిండుతున్నాయి. నా తర్వాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. రెండోసారి అమ్మ కూడా పోవలసిందే, ఎలాగో గట్టెక్కింది. మంత్రసాని అమ్మ కడుపు తడిమి బయటికి వచ్చి, "ఈసారి జాగర్తగా ఉండాల సుందరమ్మా" అని మా నాయనమ్మతో అనడం నేను గోడ పక్కన నిలబడి విన్నాను. ఎలా ఉంటే జాగ్రత్తగా ఉన్నట్టో మాత్రం చెప్పలేదు.

మా దగ్గర యూదుల క్యాలెండరు లేదు. బొంబాయికి నాన్న వేసవిలోనే ఉత్తరం రాశాడు, జవాబు రాలేదు. కానీ లెక్క తేలికే. చైత్రం మొదటి నెల అనుకుంటే ఆశ్వయుజం ఏడోది. నెల పొడుపు చూసుకుంటే సరిపోతుంది. నిరుడూ, ముందటేడూ అలాగే చేశాం. అయినా ఓసారి అడిగి రూఢి చేసుకుందామని, ఊళ్ళో పంచాంగం చూసే శాస్త్రిగారి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు నాన్న. ఆయన అరుగు మీద, మేం వీధిలో. "ఆశ్వయుజ దశమి ఎప్పుడొచ్చిందండీ?" అన్నాడు నాన్న. శాస్త్రిగారు కళ్ళజోడు సర్దుకుని, "మంచి ఏడాదిలోనే అడిగావు మాస్టారూ! ఈసారి ఆశ్వయుజాలు రెండు. ముందు వచ్చేది అధికం, తర్వాతది నిజం" అన్నాడు. నాన్న గతుక్కుమన్నాడు. "మరి మేం దేన్ని పట్టుకోవాలండీ?" "అదేం ప్రశ్నయ్యా, అధికమాసంలో ఎవరైనా శుభం చేస్తారా? పెళ్ళి చెయ్యరు, గృహప్రవేశం చెయ్యరు. అది లెక్కలోకి రాదు. నిజమాసమే చూసుకో." మనిషి మంచివాడు, ఆ ఏటిదే ఇంకోటి ఉందంటూ ఆ పంచాంగం ఇచ్చాడు కూడా. కాకపోతే చేతికివ్వలేదు. అరుగు అంచున పెట్టి వెనక్కి జరిగాడు, అప్పుడు నాన్న తీసుకున్నాడు. పదిమందికి చదువు చెప్పే మా నాన్న అలా వంగి తీసుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. నాన్న దారిలో ఆ ఊసే ఎత్తలేదు, తేదీ దొరికిందని సంబరపడ్డాడు.

ఇంటికొచ్చి నిజ ఆశ్వయుజ దశమి చుట్టూ సున్నా చుట్టాడు. అది దసరా రోజు. సమాజమందిరంలో పెద్దలందరూ తలలూపారు. అధికమాసం పనికిరాదని మా పల్లెలో మాత్రం ఎవరికి తెలీదు? ఒక్క నాయనమ్మే ఒప్పుకోలేదు. "దేవుడు ఒక నెల ఎక్కువిస్తే పక్కన పెడతారట్రా? కూలికి పోయినచోట దొరసాని ఇంకో గరిటె పెడితే ఇది అధికం, నాకొద్దు అంటామా?" అంది. "నీకు తెలవదులే అమ్మా, ఊరుకో" అన్నాడు నాన్న. "నాకేం తెలవదు నాయనా, నిన్ను కన్నదాన్ని, అంతే" అని నాయనమ్మ చుట్ట ముట్టించుకుంది. అలా మొదటి ఆశ్వయుజం వచ్చి, దాని మానాన అది వెళ్ళిపోయింది. చేలల్లో మిరప మొక్కలు నిలదొక్కుకున్నాయి, పత్తికి పురుగుమందు కొడుతుంటే ఆ వాసనకి అమ్మ రోజూ వాంతి చేసుకునేది, నేను వీపు రాస్తూ రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఉపవాసానికి ముందు రోజు మా పల్లెలో ఒక తంతు ఉండేది. దేవుణ్ణి క్షమించమని అడిగేముందు మనుషుల్ని అడగాలి, అది లేకపోతే ఇది చెల్లదని నాన్న నేర్పాడు. కాబట్టి పెద్దవాళ్ళంతా ఇంటింటికీ తిరిగి, "ఏమన్నా తప్పుగా మాట్లాడితే మనసులో పెట్టుకోవద్దు" అని అడిగేవాళ్ళు. నాయనమ్మ తనకి ఏడాది పొడుగునా తగాదా ఉన్న పక్కింటామె గుమ్మంలో నిలబడి, "నిరుడు తిట్టిన తిట్లకి క్షమించవే. ఈ ఏడు తిట్టబోయేవాటికి మళ్ళీ వస్తాలే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాన్న అందరిళ్ళకీ వెళ్ళాడు, ఆఖరికి పెదనాన్న ఇంటికి కూడా వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి అడిగి వచ్చాడు. సొంత ఇంట్లో వాళ్ళని, భార్యనీ బిడ్డనీ అడగాలని మాత్రం ఎవరికీ తట్టేది కాదు. అలా ఎవరైనా చేస్తారని కూడా మాకు తెలీదు.

దసరా రోజు ఊరంతా డప్పులు. ఊరి మీదుగా వచ్చే గాలి నిండా గారెలు వేగే వాసన, బెల్లం పాకం వాసన. మేం తెల్లబట్టలు కట్టుకుని, మంచినీళ్ళయినా ముట్టకుండా తాటాకు పాకలో కూర్చున్నాం. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలందరూ ఉపవాసం ఉండాలన్నాడు నాన్న. గర్భిణి ఉండొచ్చా అని అమ్మ అడగలేదు, ఉండమని నాన్నా అడగలేదు. పంతులుగారి భార్య తినిందంటే నలుగురూ ఏమంటారు, పెదనాన్న ఏమంటాడు? అది ఇద్దరికీ తెలుసు. మిట్టమధ్యాహ్నం వేళ నాన్న చదువుతూ చదువుతూ ఆగి, "ఎస్తేరూ, ఒకసారి ఇంటికెళ్ళి అమ్మ ఎట్టా ఉందో చూసిరా" అన్నాడు. పొద్దున కళ్ళు తిరుగుతున్నాయని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

తలుపు తోసేసరికి అమ్మ పొయ్యి పక్కన నేల మీద ఒక పక్కకి ఒరిగి పడివుంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "అమ్మా!" అని అరిస్తే కళ్ళు తెరిచి, "ఏం లేదే, కాస్త తిరిగినట్టయింది" అంది. ఆ మాట కూడా సగమే బయటికొచ్చింది. నాన్నని పిలుద్దామా అనుకున్నాను, పిలిస్తే ప్రార్థన ఆగిపోతుంది, నలుగురూ వస్తారు. ఉట్టి మీద కుండలో నాయనమ్మ మేకకోసం ఉంచిన ముందునాటి అన్నం ఉంది, పిడత అడుగున పులిసిన మజ్జిగ ఉంది. రెండూ కలిపి ఉప్పు వేసి పిసికి, అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని నోటి దగ్గర పెట్టాను. అమ్మ మొహం తిప్పేసుకుంది. "వద్దే, ఈరోజు వద్దు." "తినమ్మా, చచ్చిపోతావు" అన్నాను. ఏడుస్తున్నానని నాకు తెలీలేదు, నా కన్నీళ్ళు అమ్మ నుదుటి మీద పడుతుంటే చూసుకున్నాను. అమ్మ కాసేపు నా వంక చూసి నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక, "నువ్వు కూడా తిను. నువ్వు తినకపోతే నేనూ తినను" అంది. రెండు ముద్దలు తిన్నాను. ఆ రుచి ఎప్పటికీ మరవను, అంత భయంలో కూడా ఎంత బాగుందో! గిన్నె కడిగి బోర్లించాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నకి చెప్పమాకే" అంది.

చెప్పలేదు. వెళ్ళి, "బాగానే ఉంది" అన్నాను. సాయంత్రం ఉపవాసం ముగిస్తూ నాన్న పొట్టేలు కొమ్ము ఊదాడు, చివరి ఊదు నిడివిగా సాగింది. పుస్తకం మూసేశారని నాకు తెలుసు. అమ్మ పేరు ఎదురుగా ఎర్రసున్నా పడింది, దాన్ని వేయించింది నేనే. ఆ రోజు నుంచి నాకు అమ్మని చూడాలంటే భయం, చూడకుండా ఉండాలన్నా భయం. బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. పల్లె మొదట్లో ఎవరైనా గుంపుగా కనపడితే అక్కడే ఆగి, ఏడుపు వినపడుతోందేమోనని చెవులు రిక్కించేదాన్ని. అమ్మ కాస్త ఎక్కువసేపు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "ఏందే ఇది, ఈగ వాలినట్టు!" అని విసుక్కునేది అమ్మ. తనకేమీ భయం లేనట్టే ఉండేది. మా ఇద్దరికీ ఒకటే రహస్యం, అది ఆమెని బతికించిందని ఆమె అనుకుంటోంది, చంపుతుందని నేననుకుంటున్నాను.

ఐదు రోజుల తర్వాత పర్ణశాలల పండగ, వారం పాటు పందిట్లోనే తినాలి. సమాజమందిరం ముందు నాలుగు కర్రలు పాతి తాటాకులు పరిచి పందిరి వేశాం. దారిన పోయేవాళ్ళు, "ఎవరికిరా పెళ్ళి?" అని అడిగి పోతున్నారు. చినుకు పడినప్పుడల్లా ఆకుల సందుల్లోంచి నీళ్ళు అన్నంలో కారుతున్నాయి. రెండో రోజు మధ్యాహ్నం అందరం అక్కడ బంతిలో కూర్చుని ఉండగా పోస్టుమేన్ వచ్చి నాన్నకి ఉత్తరం ఇచ్చాడు. బొంబాయిది. మా ఊరి పేరు ఎవరో తప్పు రాశారట, తిరిగి తిరిగి ఇప్పటికి చేరింది. నాన్న మొహం వెలిగిపోయింది. భోజనాలు ఆపించి, నిలబడి, ఇంగ్లీషులో ఒక ముక్క చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. బొంబాయిలో ఒక పెద్దాయన మమ్మల్ని తలుచుకుని సంతోషించాడట. అడిగినట్టుగానే ఈ ఏటి పండగల తేదీలు రాస్తున్నాడట. నాన్న ఒక తేదీ చదివాడు. ఆగాడు. మళ్ళీ చదివాడు, ఈసారి పెదాలు మాత్రమే కదిలాయి. "ప్రాయశ్చిత్త దినం..." అని ఉత్తరాన్ని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

ఆ తేదీ అధిక ఆశ్వయుజంలో ఉంది. లోకంలో యూదులంతా నెల కిందటే ఉపవాసం ఉన్నారు. మేం లెక్కలోకి రాదని పక్కన పెట్టిన నెలే అసలు నెల. పందిరి కింద కొందరు విస్తళ్ళు పక్కకి జరిపారు. నాయనమ్మ మాత్రం, "నేను చెప్పలా?" అన్నట్టు చుట్టూ చూసి, కొడుకు మొహం చూసి ఆ మాట మింగేసింది. నేను ఆ తేదీని నోట్లో అనుకుంటున్నాను. ఆ తేదీ నాకు బాగా తెలుసు. ఆ రోజు నాన్న బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పొద్దున్నే నాన్న వెంట వెళ్ళి బోర్డు మీద ఆ తేదీ అందంగా వేసింది నేనే. ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడని నాన్న కోడిని తెచ్చాడు, మధ్యాహ్నం అందరం కడుపునిండా తిన్నాం. ఆ సంగతి తట్టగానే నా గుండెల మీంచి బండ దొర్లిపోయినట్టయింది. లేచి నిలబడి అరిచాను. "నాన్నా! ఆ రోజు మనం కోడికూర తిన్నాం! నువ్వు రెండుసార్లు వేయించుకున్నావు! అందరం తిన్నాం! అయితే దసరా రోజు అమ్మా నేనూ చద్దన్నం తింటే తప్పు కాదుగా? అమ్మ పడిపోయిందని పెట్టానంతే, ఆ రోజు అసలు రోజే కాదుగా!"

అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ తల వంచుకుని, చేతికందిన చోట, నా తొడ మీద గట్టిగా గిల్లింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదే" అని గొణిగింది. నాన్న నన్ను చూశాడు, అమ్మని చూశాడు. ఉత్తరం రెండో పక్క తిప్పి చివరిదాకా మనసులో చదువుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "అన్నాలు చల్లారిపోతున్నాయి, తినండి" అని వానలోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు నాన్న బడికి వెళ్ళొచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఈలోగా పెదనాన్నకి సంగతి తెలిసిపోయింది. చర్చి ముందు నలుగురిలో, "దసరాకి ఉపవాసం, ఉపవాసానికి కోడికూర! బాగుంది మావాడి మతం" అన్నాడట. నా సంబరం ఆ పూటకే ఆవిరైపోయింది. ఎందుకంటే రాత్రికి కొత్త లెక్క తట్టింది. అసలు రోజున అందరం తిన్నామంటే, హాజరు పట్టీలో అందరికీ సున్నాలే. అమ్మకి ఒక్కసారి కాదు, రెండుసార్లు పడ్డట్టు. మర్నాడు నాయనమ్మ దగ్గర కూర్చుని ఆ మాట అడిగేశాను. నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసి నన్ను ఎగాదిగా చూసింది. "పిచ్చిమొహమా, దేవుడేమన్నా మీ నాన్నలాగా పంతులా, గంట కొట్టంగానే గేటు మూయటానికి?" అంది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది, కొంచెమే.

శుక్రవారం పొద్దు వాలేముందు, శనివారం విశ్రాంతికి దీపాలు వెలిగించేముందు, నాన్న అందర్నీ సమాజమందిరానికి పిలిపించాడు. పిల్లల్ని కూడా. బోర్డు ముందు, తప్పు చేసిన పిల్లలు నిలబడేచోట తను నిలబడ్డాడు. ఉత్తరం తీశాడు. మొన్న చదవకుండా మిగిల్చింది చదివాడు. చిన్నపిల్లలు ఉపవాసం ఉండనక్కర్లేదని, గర్భిణికి కళ్ళు తిరిగితే తినిపించడమే ఆజ్ఞ అని, ప్రాణం మీదికి వస్తే శనివారం కూడా పక్కకి తప్పుకోవలసిందేనని ఆ పెద్దాయన రాశాడు. "ఈ ముక్క నాకు తెలవదు. తేదీ కూడా తెలవదు. తెలవకుండానే అన్నీ తెలిసినట్టు మీకు చెప్పాను" అన్నాడు నాన్న. "మా అన్న నవ్వుతాడన్న భయంతో నా ఇంట్లో మనిషి కళ్ళు తిరుగుతున్నాయన్నా తినమనలేదు. నన్ను క్షమించండి." ఎవరో "ఊరుకోండి మాస్టారూ, తెలిసి చేశారా" అన్నారు. ఆయన ఆగలేదు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, చెయ్యి మాత్రం ఇక చాలు అన్నట్టు ఊపింది. తర్వాత నా ముందుకొచ్చి, నా ఎత్తుకి వచ్చేలా గొంతుక్కూర్చుని, "ఎస్తేరూ, నేను చెయ్యాల్సిన పని నీ చేత చేయించాను. అబద్ధం కూడా ఆడించాను. నన్ను క్షమిస్తావా అమ్మా?" అన్నాడు.

నాన్న కళ్ళు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఎర్రగా ఉన్నాయి. పల్లె అంతా నా వంకే చూస్తోంది. తప్పు ఒప్పుకున్నవాళ్ళతో ఏమంటారో నాకు ఒక్కటే తెలుసు. "సరే, పోయి కూర్చో" అన్నాను.

ముందు నాయనమ్మ నవ్వు మొదలుపెట్టింది, ఆమెని చూసి అందరూ, చివరికి కొంగు చాటున అమ్మ భుజాలు కూడా కదిలాయి. నాన్న నవ్వలేదు. లేచి, బుద్ధిగా వెళ్ళి, తన చోట కూర్చున్నాడు.

నెల తిరక్కుండానే, ఒక శనివారం పొద్దున అమ్మకి నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం దాటినా బిడ్డ రాలేదు. మంత్రసాని చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "మాస్టారు యాడ? నావల్ల కాదు, గుంటూరు తీసుకుపోవాల" అంది. నేను పరుగెత్తాను. నాన్న సమాజమందిరంలో నిలబడి ప్రార్థన చేయిస్తున్నాడు. శనివారం సైకిలు కూడా ముట్టని మనిషి. గుమ్మంలో నన్ను చూడగానే ఏమీ అడక్కుండా పుస్తకం మూసేశాడు. "మాస్టారూ, ఈరోజు..." అని ఒక పెద్దాయన నసిగితే, "ప్రాణం ముందు, శనివారం తర్వాత" అని చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి ఉరికాడు. పత్తి బస్తాలతో గుంటూరు పోతున్న ట్రాక్టరుకి అడ్డం నిలబడి ఆపాడు. బస్తాల మీద దుప్పటి పరిచి అమ్మని పడుకోబెట్టారు. పెదనాన్న ఇంటి ముందు నుంచే పోయాం, పెదనాన్న అరుగు మీదే ఉన్నాడు, నాన్న అటు తిరిగి చూడలేదు. పెదకాకాని దాటేదాకా అమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నాను, ఆ చెయ్యి చల్లబడుతోందో నాదే చల్లబడుతోందో తెలీలేదు. పెద్దాసుపత్రిలో తలుపు మూశారు. పొద్దుగూకే వేళకి తలుపు తీసి, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నారు. ఇద్దరూ దక్కారు. మా తమ్ముడు పుట్టగానే పెట్టిన ఏడుపుకి నాన్న నేల మీద కూలబడి తనూ ఏడ్చాడు.

నాన్న ఉన్నన్నాళ్ళూ దసరా రోజు మధ్యాహ్నం ఒక పని చేసేవాడు. తన చేత్తో మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, గ్లాసు తెచ్చి అమ్మకిచ్చేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సమాజమందిరం పక్కా కట్టడం, గచ్చు నేల, ఫ్యాన్లు. దీపం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వెలిగించాలో మా అమ్మాయి ఫోను చెబుతుంది. తేదీ తప్పే భయం ఎవరికీ లేదు. నాకే ఎందుకో ఈ నిమిషాల లెక్క చూస్తే నవ్వూ వస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. మా పిల్లలకి అన్నీ సరిగ్గా తెలుసు. పల్లె ముందు నిలబడి నాకు తెలవదని చెప్పిన మనిషిని మాత్రం వాళ్ళు చూడలేదు. పంచాంగంలో దసరా రోజు చుట్టిన సున్నాని నాన్న కొట్టెయ్యలేదు. అధిక దశమి పక్కన మాత్రం తర్వాతెప్పుడో పెన్సిలుతో "ఇదే" అని రాసుకున్నాడు.

ఈ ఏడు ఉపవాసం రోజున అమ్మ ఎవరి మాటా వినలేదు. ఎనభై దాటింది, పూటకి గుప్పెడు మందులు, అయినా ఉంటానంటే ఉంటానంది. మధ్యాహ్నం మందిరం నుంచి వచ్చి చూస్తే కుర్చీలో తల వాల్చేసి ఉంది, పెదాలు తెల్లబడ్డాయి. వంటింట్లోకి వెళ్ళి అన్నంలో మజ్జిగ పోసి, ఉప్పు వేసి పిసికి, పక్కన కూర్చుని నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పేసుకుంటుందనుకున్నాను. నా వంక కాసేపు చూసి, నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది, గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"మీ నాన్నకి చెప్పమాకే" అంది.